మెడ మీద నలుపు, మనసులో తికమక

"స్కార్ఫ్ తీయండి."

"తీయను."

"మెడ నొప్పని వచ్చారు కదండీ?"

"అవును. నొప్పి లోపలుంది. స్కార్ఫ్ పైనుంది. దాని దారిన దాన్ని ఉండనివ్వండి."

ఫిజియోథెరపిస్టు వేడి కాపడం సంచీ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తెల్లకోటు కొత్తది, భుజాల దగ్గర ఇంకా కొట్లో పెట్టిన మడతలు పోలేదు. ఎదురుగా ఎత్తు బల్ల మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న అమ్మాయి గళ్ళ స్కార్ఫ్‌ని మెడకి గట్టిగా చుట్టుకుని, అది చాలదన్నట్టు జుట్టుని కూడా దాని మీద పరుచుకుంది. కిటికీ బయట ఎండ పేలిపోతోంది.

ఆ అమ్మాయిని ఇంట్లో పండు అంటారు. పని చేసే చోట కూడా అదే పేరు అంటుకుపోయింది కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం.

"సరే," అతను సంధికి వచ్చాడు. "ముందు మీరేం పని చేస్తారో చెప్పండి."

"పళ్ళు."

"పళ్ళ వ్యాపారమా? అదీ సంగతి! బుట్టలు మోస్తే మెడ పట్టేయక ఏం చేస్తుంది?"

"మోయను. చేస్తాను."

"పళ్ళు చేస్తారా?" అతను బుర్ర గోక్కున్నాడు. "జ్యూసా?"

"కట్టుడు పళ్ళండీ బాబూ! నోట్లో పెట్టుకునేవి! డెంటల్ ల్యాబులో టెక్నీషియన్ని. పొద్దస్తమానం బల్ల మీదకి వంగి మైనం చెక్కుతూ ఉంటాను."

అతను ఫక్కున నవ్వాడు. ఎవరు నవ్వినా ముందు పళ్ళు చూడడం పండుకి వృత్తితో పాటు వచ్చిన జబ్బు. ఇతని పైవరసలో ముందు పన్ను అంచు కాస్త చిట్లింది. చక్కగా సరిచేయొచ్చు అనుకుంది. వెంటనే, సరిచేస్తే నవ్వు పాడైపోతుందేమో అని కూడా అనుకుంది. వచ్చిన పనేమిటో, ఈ ఆలోచనలేమిటో తనకే అర్థం కాలేదు. ఆ గాభరాలో చెయ్యి తనంతట తానే స్కార్ఫ్ ముడి విప్పేసింది.

గదిలో నవ్వు ఆగిపోయింది.

మెడ వెనక నుంచి రెండు పక్కలకీ నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డ అతికించినట్టు చర్మం. దాని మీద సన్నటి ముడతలు. కింద అక్కడక్కడా ఎర్రగా గీసుకుపోయిన గుర్తులు.

"మురికి కాదు," అతను నోరు తెరవకముందే పండు గబగబా అంది. "రోజూ రుద్దుకుంటాను. పీచుతో, నిమ్మచెక్కతో, ఉప్పుతో..."

"రుద్దకండి."

"ఏమిటీ?"

"రుద్దితే చర్మం ఇంకా మందమవుతుంది. రుద్దడం మానేయండి." అతని గొంతులో అసహ్యం లేదు, జాలీ లేదు. దేన్నో గుర్తుపట్టినవాడి తొందర ఉంది. ఆ తొందరలోనే పెద్ద పొరపాటు చేశాడు. "అన్నట్టు, మీకు నెలసరి సరిగ్గా వస్తోందా?"

పండు చెవులు వేడెక్కాయి. "ఏమన్నారు?"

"అదే... పీరియడ్స్. నెల తప్పకుండా..."

"మెడ నొప్పికొచ్చానండీ నేను! మెడకి!" పండు బల్ల మీంచి దూకింది. ఆ దూకుడికి మెడ కలుక్కుమంది. "అబ్బా" అని అరిచి, ఆ అరుపుని కూడా అతని ఖాతాలోనే వేసి, స్కార్ఫ్ ఊడిపోతున్నా లెక్కచేయకుండా వెళ్ళిపోయింది.

*

"మెడ చూపించుకోడానికి వెళితే నెలసరి గురించి అడిగాడా?" పండు వాళ్ళమ్మ చేతిలోని ఎర్ర పెన్ను పక్కన పడేసింది. ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. తప్పు కనిపిస్తే కొట్టేయకుండా నిద్రపోదు. "పద. ఇప్పుడే వెళదాం. ఎవరనుకుంటున్నాడు వాడు?"

"వద్దమ్మా, వదిలెయ్."

"ఎందుకు వదలాలి?"

ఎందుకో పండు చెప్పలేకపోయింది. ఎందుకంటే ఆ ప్రశ్నకి తన దగ్గర ఉన్న జవాబు 'రావడం లేదు' అని. వస్తే నెలల తర్వాత వస్తోంది, వచ్చిందంటే మంచం దిగనివ్వడం లేదు. పని ఒత్తిడి అనుకుంది. గడ్డం కింద మొలిచే వెంట్రుకల్ని ఎవరూ లేనప్పుడు అద్దం ముందు పీకేసుకుంటోంది. అది వేరే సంగతి అనుకుంది. మెడ నలుపు ఇంకో సంగతి అనుకుంది. వీటన్నిటినీ ఒక దారంలో గుచ్చినట్టు, మెడ చూసి నెలసరి అడిగాడేమిటి ఆ మనిషి?

మెడ సంగతి మాత్రం పాతది. స్కూల్లో డ్రిల్ లైనులో వెనక నిలబడ్డ పిల్ల "మెడ కడుక్కోవా?" అని అడిగిన రోజు నుంచీ పండుకి వెనక ఎవరైనా నిలబడితే ఒళ్ళు ముడుచుకుపోతుంది. బస్సులో చివరి సీటు. సినిమా హాల్లో చివరి వరస. అప్పట్నుంచే స్కార్ఫులు.

అమ్మ మాట వినే రకం కాదు. మర్నాడు క్లినిక్‌లో పెద్ద మేడమ్ ముందు నిలబడి క్లాసు తీసుకుంది. పెద్ద మేడమ్ ఆ క్లినిక్ యజమానురాలు. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, ఎవరేమన్నా ముందు పూర్తిగా వినే మనిషి. ఫిజియో గోడవారగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు, బెంచీ ఎక్కమంటే ఎక్కేలా.

"అడగాల్సిన ప్రశ్నే అడిగాడండీ," అంది పెద్ద మేడమ్ అంతా విన్నాక. "అడిగిన తీరు మాత్రం ఏడిసినట్టుంది. ఏం బాబూ?"

"క్షమించండి. కారణం చెప్పి అడగాల్సింది," అన్నాడతను, అమ్మతో కాదు, పండుతో.

"మెడ మీద చర్మం అలా నల్లగా మందంగా అయితే ఒంట్లో ఇన్సులిన్ గడబిడ ఉందేమో చూడాలి. ఆడపిల్లల్లో దానితో పాటు నెలసరి కూడా దారి తప్పుతుంటుంది. అది మా పని కాదు. మంచి గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. మెడ నొప్పి మేం చూస్తాం," అంది పెద్ద మేడమ్.

అమ్మ కూతురి వైపు తిరిగింది. "నెలసరి బాగానే వస్తోంది కదే?"

పండు నేల చూసింది.

అమ్మ గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. "నాకెందుకు చెప్పలేదే?"

*

రక్త పరీక్షలు, స్కానింగ్ అయ్యాయి. డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అంది. పీసీఓఎస్ అని కూడా అంటారంది. పండుకి రెండూ ఒకేలా అర్థం కాలేదు.

"అండాశయాలెక్కడ, మెడెక్కడ డాక్టరుగారూ?" అమ్మ అడిగింది. "అక్కడేదో తేడా వస్తే ఇక్కడ నల్లబడడమేమిటి?"

"తిన్న చక్కెరని ఒళ్ళు వాడుకునేలా చేసేది ఇన్సులిన్. మీ అమ్మాయి ఒళ్ళు దాని మాట సరిగ్గా వినడం లేదు. అందుకని ఒళ్ళు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తోంది. ఆ ఎక్కువైనది అటు అండాశయాల్ని తికమకపెడుతోంది, ఇటు చర్మాన్ని పెంచేస్తోంది. మెడ దగ్గర, చంకల్లో."

అమ్మ కాసేపు ఆలోచించింది. "అంటే మా క్లాసులో పిల్లలు వినకపోతే నేను గొంతు పెంచుతాను, పక్క క్లాసువాళ్ళకి తలనొప్పి వస్తుంది. అంతేనా?"

"అంతే!" డాక్టరమ్మ నవ్వింది. "మాత్రలు రాస్తాను. తీపీ, బేకరీ సరుకూ తగ్గించాలి. రోజూ చెమట పట్టేలా నడవాలి. రాత్రి మెడకి రాసుకోడానికి ఒక క్రీము. పీచులు, నిమ్మచెక్కలు, తెల్లబరిచే క్రీములు ఏవీ వద్దు. అది మురికి కాదు, రుద్దితే పోదు."

"ఎన్నాళ్ళకి పోతుంది?" పండు అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకే ఆమె ఇక్కడిదాకా వచ్చింది.

"నెలలు పడుతుంది. లోపలిది సర్దుకుంటే పైది మెల్లగా తగ్గుతుంది. ముందు మెత్తబడుతుంది, తర్వాత రంగు తేలిక పడుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వను."

ఇంటికెళ్ళగానే అమ్మ స్నానాలగదిలోకి వెళ్ళి పీచు తెచ్చి చెత్తబుట్టలో పడేసింది. పడేసి, అక్కడే నిలబడిపోయింది. "చిన్నప్పుడు నీకు రుద్దిందంతా నేనే," అంది. "ఏడ్చేదానివి. ఇంకా గట్టిగా రుద్దేదాన్ని."

పండు వెనకనుంచి వెళ్ళి అమ్మ భుజం మీద గడ్డం ఆనించింది.

*

మెడ నొప్పి ఎవరినీ అడిగి ఆగదు కాబట్టి పండు మళ్ళీ క్లినిక్‌కి వెళ్ళక తప్పలేదు.

"స్కార్ఫ్ మీరే తీస్తారా, అర్జీ పెట్టుకోనా?" అన్నాడు ఫిజియో.

"అర్జీ పెట్టుకోండి. పరిశీలిస్తాం."

అతను నిజంగానే చేతులు జోడించాడు. పండుకి నవ్వొచ్చింది. స్కార్ఫ్ తీసి పక్కన పెట్టింది. అతని వేళ్ళు మెడ కండరాల మీద ఎక్కడ బిగుసుకుందో వెతుకుతూ వెళ్ళాయి. నలుపు దగ్గర ఆగలేదు, దాన్ని తప్పించుకునీ పోలేదు. ఇన్నేళ్ళలో అమ్మ కాక ఆ చోట చెయ్యి వేసిన మనిషి లేడు. పండు ఊపిరి బిగబట్టింది.

"ఊపిరి తీసుకోండి," అన్నాడతను.

"తీసుకుంటున్నాను."

"లేదు. భుజాలు చెవుల దగ్గరికొచ్చేశాయి."

ప్రతిసారీ చివర్లో పండు ఒక ప్రశ్న అడిగేది. "రంగు ఏమైనా మారిందా?"

"లేదు."

"కొంచెమైనా?"

"కొంచెం కూడా లేదు."

"ఊరికే అయినా మారిందని చెప్పొచ్చు కదా!"

"చెప్తే మీరు సంబరపడి మందులు మానేస్తారు."

ఇతన్ని కొట్టాలో మెచ్చుకోవాలో పండుకి తెలిసేది కాదు. అబద్ధం చెప్పనివాడి దగ్గర మనసు ఎందుకు తేలికపడుతోందో అంతకన్నా తెలిసేది కాదు. ల్యాబులో మైనం పళ్ళు చెక్కుతూ చెక్కుతూ, ఒక ముందు పన్ను అంచు చిట్లినట్టు చెక్కేసి, నాలిక్కరుచుకుని మళ్ళీ పూడ్చింది. పక్క బల్ల మీది మేస్త్రీ అన్న అది చూసి, "ఏం పండూ, కస్టమరు పన్ను విరగ్గొట్టి ఇమ్మన్నాడా?" అన్నాడు.

సాయంత్రం పని అయ్యాక పార్కు చుట్టూ నడక. ఒక రోజు వెనకనుంచి అడుగుల చప్పుడు వినపడి అలవాటు కొద్దీ స్కార్ఫ్ సర్దుకుంది. చూస్తే అతనే.

"నన్ను వెంబడిస్తున్నారా?"

"మా ఇల్లు ఇటే అండీ. మీరే మా దారిలో నడుస్తున్నారు."

"దారి మీ తాతగారిదా?"

"మా తాత ఇంట్లోనే ఉన్నాడు. అడిగి చెప్తాను."

అలా నడక ఇద్దరిదీ అయింది. అతను కబుర్లు చెబుతూ వేగం పెంచేవాడు. ఆయాసం వచ్చేదాకా పండుకి ఆ సంగతి తెలిసేది కాదు. బేకరీ ముందు పండు అడుగులు నెమ్మదించేవి. అతను ఏమీ అనకుండా, తనూ ఆగి, అద్దం వెనక కేకుల వైపు ఆమె కన్నా ఎక్కువ దిగులుగా చూసేవాడు. పండుకి నవ్వొచ్చి ముందుకి కదిలేది.

అలాంటి ఒక సాయంత్రం వాన కురిసింది. చెప్పాపెట్టకుండా, బిందెలు గుమ్మరించినట్టు. ఇద్దరూ మూసేసిన ఒక దుకాణం చూరు కిందకి పరిగెత్తారు. స్కార్ఫ్ తడిసి ముద్దయి మెడకి చల్లగా అతుక్కుపోయింది. పండు తీసి పిండింది. తల విదిలించి, జుట్టంతా ఒక పక్కకి లాక్కుంది. వీధిలో, వెలుతురులో, మెడ మీద ఏమీ లేకుండా నిలబడడం అదే మొదటిసారి అని కాసేపటికి గానీ గుర్తు రాలేదు. గుర్తొచ్చి, అతని వైపు చూసింది.

అతను ఆమె మెడ వైపే చూస్తున్నాడు. కళ్ళు కలవగానే చటుక్కున తల తిప్పేసుకున్నాడు. వాన తగ్గేదాకా మళ్ళీ ఇటు తిరగలేదు. తగ్గగానే "నేను వెళ్ళాలి" అని, మిగిలిన చినుకుల్లోనే దాదాపు పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయాడు.

తర్వాత క్లినిక్‌కి వెళితే అతను బల్ల దగ్గర లేడు. గుమ్మంలో ఎదురొచ్చి, కాగితాలు చూసుకుంటూ, "ఇకనుంచి మీకు మేడమ్ చూస్తారండీ," అన్నాడు.

"ఎందుకు?"

"అదే... మేడమ్ అయితే బాగుంటుందని."

"ఎవరికి బాగుంటుందని?"

అతను కాగితాలతో లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. పార్కు దారిలో కూడా మళ్ళీ కనపడలేదు.

*

పండుకి ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా అర్థమైపోయిందనుకుంది. అదే ఎక్కువ ప్రమాదం.

క్లినిక్ గదిలో నీలం పరదాల వెనక అయితే అది కేసు. వీధిలో, వెలుతురులో చూశాడు, తట్టుకోలేకపోయాడు. అంతే. ఇందులో తికమక ఏముంది? అయితే జోడించిన ఆ చేతులేమిటి? కేకుల వైపు ఆ చూపులేమిటి? మంచితనం. పేషెంట్ల మీద అందరు మంచివాళ్ళూ చూపించే మంచితనం. దాన్ని తను ఏదో అనుకుంది.

ఎన్నాళ్ళు నడిస్తే మెత్తబడుతుంది? ఎన్నాళ్ళకి రంగు మారుతుంది? ఒక మధ్యాహ్నం ల్యాబుకి సెలవు పెట్టి, ఎప్పుడూ గుమ్మం తొక్కని ఒక బ్యూటీ పార్లరులోకి వెళ్ళింది. "ఒక్క సిట్టింగులో తేడా మీకే తెలుస్తుంది," అంది అక్కడి అమ్మాయి.

తెలిసింది. ఆ అమ్మాయి తెల్లబరిచే మందేదో పూసిన కాసేపటికే మెడ మండింది. "మండుతుందండీ, పని చేస్తోందన్నమాట," అందా అమ్మాయి. పండు పళ్ళ బిగువున ఓర్చుకుంది. ఇంటికొచ్చేసరికి మెడ వాచిపోయింది. పొద్దుటికి పొక్కులు లేచాయి.

అమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది. తడిగుడ్డ వేసి, డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళి, దారి పొడుగునా చెయ్యి వదల్లేదు. డాక్టరమ్మ మాత్రం వాయించింది. "ఇన్నాళ్ళ కష్టాన్ని వెనక్కి నెట్టావు కదమ్మా! కాలిన చోట ఇంకా నల్లబడుతుంది. ఇది మానేదాకా రాత్రి క్రీము కూడా బంద్." ఆమె ఆగి, రిపోర్టు తిరగేసి, గొంతు తగ్గించింది. "లోపల మాత్రం బాగుంది. ఇన్సులిన్ దిగింది. నెలసరి వచ్చింది కదూ? చూశావా, నీ ఒళ్ళు నీ మాట వినడం మొదలుపెట్టింది. నువ్వే తొందరపడ్డావు."

బయట బెంచీ మీద కూర్చున్నాక అమ్మ అడిగింది. "ఎవరి కోసమే ఇదంతా?"

"ఎవరి కోసమూ కాదు."

"మన లెక్కల్లో దాన్ని తప్పు జవాబంటారు," అంది అమ్మ. ఇంకేమీ అడగలేదు.

పుండు మానింది. పండు మళ్ళీ మాత్రలు, నడక పట్టుకుంది. ఈసారి ఎందుకో రంగు గురించి అద్దాన్ని అడగలేదు. నడిస్తే ఒళ్ళు తేలిగ్గా ఉంటోంది, రాత్రి నిద్ర పడుతోంది, అది చాలనిపించింది. పెద్ద మేడమ్ చేతుల్లో మెడ నొప్పి కూడా తగ్గిపోయింది. చివరి రోజు ఆవిడ ఫైలు మూస్తూ, "ఇక నువ్వు మా పేషెంటువి కాదమ్మా," అని అదోలా నవ్వింది. ఆ నవ్వేమిటో పండుకి అర్థం కాలేదు. అర్థం కానివాటి మూటలో దాన్ని కూడా కట్టి పక్కన పెట్టింది.

*

ఆ మర్నాడే అతను ల్యాబులోకి వచ్చాడు.

పాలిషింగ్ మోటారు రొదలో పండు ముందు గమనించలేదు. తలెత్తేసరికి బల్లకి అవతల, చేతిలో రుమాలు మూటతో. తెల్లకోటు లేకపోతే మనిషి కాస్త చిన్నగా కనిపించాడు.

"డాక్టర్ల చీటీ లేకుండా మేం పని తీసుకోం," అంది పండు.

"కొత్తవి కాదండీ. రిపేరు." మూట విప్పాడు. పైవరస కట్టుడు పళ్ళు, సరిగ్గా మధ్యకి రెండు ముక్కలు. "మా తాతయ్యవి. చేతిలోంచి జారి పడ్డాయి."

పండు ముక్కల్ని దీపం కిందకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. ఒక ముక్క అంచు మీద గీతలు గీతలుగా నొక్కుళ్ళున్నాయి.

"జారి పడ్డాయా?"

"అవును."

"పడితే పట్టుకారు గుర్తులు ఎలా వచ్చాయి?"

అతను ఖాళీ రుమాలు మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"మీరే విరగ్గొట్టారా?" పండు గొంతు పెరిగింది. మేస్త్రీ అన్న మోటారు ఆపేశాడు. "ముసలాయన పళ్ళు విరగ్గొట్టారా! ఆయన ఏం తింటాడు ఇప్పుడు?"

"పాలల్లో బ్రెడ్డు నానబెట్టి ఇచ్చి వచ్చాను."

"ఎందుకు? అసలెందుకు?"

"ఇక్కడికి రావడానికి ఏదో ఒక పని కావాలి కదా!"

మేస్త్రీ అన్నకి ఉన్నట్టుండి టీ గుర్తొచ్చింది. వెళ్ళిపోయాడు.

పండు రెండు ముక్కల్నీ కలిపి మైనంతో అతికించడం మొదలుపెట్టింది. చేతికి పని ఉంటే గొంతు వణకదు. "మీకు నా దగ్గర పనేమిటి? వద్దని మేడమ్‌కి అప్పగించేశారు కదా."

"వద్దని కాదు."

"వానలో చూశారు. తట్టుకోలేకపోయారు. తల తిప్పేశారు. ఫరవాలేదండీ, చాలామందికి అలాగే ఉంటుంది."

"ఏమిటి తట్టుకోలేకపోయింది?" అతని ముఖంలో నిజమైన అయోమయం. "దేన్ని?"

"దేన్నేమిటి? దీన్ని!" పండు స్కార్ఫ్ లాగేసింది.

అతను మెడ వైపు చూశాడు. ముఖం పాలిపోయింది. "ఇదేమిటి? ఈ మచ్చ ఏమిటి? కాలిందా? ఎవరు చేశారు?"

"నేనే చేయించుకున్నాను. మీరు చూడలేకపోయారని."

అతను అక్కడున్న స్టూలు మీద కూలబడిపోయాడు. "నాకు నలుపు కనపడలేదండీ ఆ రోజు. మీరు జుట్టు పక్కకి లాక్కున్నారు. చెవి వెనకనుంచి నీటి చుక్క ఒకటి దిగుతోంది. దాన్ని చూస్తూ ఉండిపోయాను. మీరు చూసేసరికి దొంగలా దొరికిపోయాను."

పండు చేతిలో మైనం చల్లారిపోతోంది.

"మర్నాడు మేడమ్‌కి చెప్పేశాను. ఇక ఆ అమ్మాయి మెడ మీద చెయ్యి వేస్తే నేను కండరం గురించి ఆలోచించలేను, అది తప్పు అని. 'కేసు నాకిచ్చెయ్. చికిత్స పూర్తయ్యేదాకా ఆ పిల్ల ముందు నోరు మెదపకు, కనపడకు' అన్నారు. నిన్న ఫైలు మూశారు. ఇవాళ వచ్చాను."

"ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చు కదా!"

"ఏమని చెప్పను? నోరు మెదపొద్దన్నారు."

పండుకి ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, ఒళ్ళు మండింది. ఏది ముందు బయటికి పంపాలో తెలియక గులాబీ రంగు పొడిలో ద్రవం పోసి గిలక్కొట్టసాగింది. చిగుళ్ళ రంగు ముద్ద తయారైంది. దాన్ని విరిగిన చోట నింపుతూ, అతని వైపు చూడకుండా చెప్పింది.

"వినండి. ఇది పూర్తిగా పోకపోవచ్చు. డాక్టరమ్మ మాటివ్వనంది. మాత్రలు చాలాకాలం వాడాలేమో. నాకు గడ్డం కింద వెంట్రుకలొస్తాయి. ఒక్కోసారి ఊరికే కోపం వస్తుంది, ఊరికే ఏడుస్తాను. పిల్లలు... కొందరికి ఆలస్యమవుతుందట, మందులు వాడాలట. నాకెలా ఉంటుందో నాకే తెలియదు. ఇవన్నీ తెలియకుండానే ఇంత దూరం వచ్చేశారు మీరు."

అతను వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పి ఉంటే పండు నమ్మేది కాదు.

"నాకూ తెలియదు," అన్నాడు చివరికి. "ఏది ఎలా జరుగుతుందో నాకూ తెలియదండీ. భయంగానే ఉంది. కానీ మీరు లేకుండా సాయంత్రాలు ఎలా ఉంటాయో మాత్రం తెలిసింది. పార్కు దారి వదిలేసి వేరే వీధిలోంచి ఇంటికెళ్ళేవాణ్ణి. అస్సలు బాగాలేదు."

పండు ముద్దని వేలితో నున్నగా అద్దింది. చాలాసేపు అద్దింది. అంత అద్దక్కర్లేదు.

"గట్టిపడేదాకా కూర్చోండి," అంది. "తర్వాత నేనూ వస్తాను. పెట్టి చూడాలి, ఎక్కడైనా ఒత్తుకుంటే సరిచేయాలి."

అది నిజమే. ఆమె వెళ్ళాల్సిన అవసరం అంతగా లేదన్నది కూడా నిజమే.

*

తాతయ్య కిటికీ పక్క కుర్చీలో, బోసినోటితో, చేతిలో ఖాళీ గిన్నెతో కూర్చుని ఉన్నాడు. పండు చేతులు కడుక్కుని వచ్చి, కట్టుడు పళ్ళు ఆయన నోట్లో సర్దింది. "కొరకండి తాతయ్యా. ఇటు. ఇప్పుడటు. ఒత్తుకుంటోందా?"

ఆయన అటూ ఇటూ దవడ ఆడించాడు. మాట కూడబలుక్కుని, మొట్టమొదట అన్నది ఇది: "ఈ అమ్మాయేనట్రా?"

"తాతయ్యా!" అతను కంగారుపడ్డాడు.

"కంగారెందుకు? పళ్ళు విరగ్గొట్టమన్నది నేనే కదా," ఆయన పండు వైపు తిరిగాడు. "ఏ పనీ లేకుండా వెళితే ఏం బాగుంటుంది, పని పెట్టుకుని వెళ్ళరా అన్నానమ్మా. వారాల తరబడి ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. చూడలేకపోయాను."

పండు పెదవి కొరుక్కుంది. కిటికీలోంచి గాలి మెడకి తగిలింది. స్కార్ఫ్ ల్యాబులోనే మర్చిపోయానని అప్పుడు తెలిసింది. దారి పొడుగునా, బస్సులో, జనం మధ్య అలాగే వచ్చేసింది. వెనక ఎవరు నిలబడ్డారో కూడా చూసుకోలేదు.

"మా వాడు చెప్పాల్సింది చెప్పాడా?" అడిగాడు తాతయ్య.

"చెప్పారు."

"మరి నువ్వేం చెప్పావు?"

ఇద్దరూ ఆమె వైపే చూస్తున్నారు. ముసలాయన కొత్తగా అతికిన పళ్ళన్నీ కనపడేలా, కుర్రాడు ఊపిరి బిగబట్టి, భుజాలు చెవుల దాకా ఎత్తి. ఇంట్లో అమ్మకి ఏం చెప్పాలో తెలియదు, రేపు ఎలా ఉంటుందో తెలియదు. అయినా కాళ్ళు గుమ్మం వైపు తిరగడం లేదు.

"నా మెడ నొప్పి పూర్తిగా తగ్గిపోయింది తాతయ్యా," అంది నెమ్మదిగా. "ఇక నేను వచ్చినా, పేషెంటుగా మాత్రం రాను."

అతను అటు తాతనీ ఇటు పండునీ మార్చి మార్చి చూశాడు. "అంటే? వస్తారనా, రారనా? నాకర్థం కాలేదు."

"నీకర్థం కాదులే," అన్నాడు తాతయ్య. "ముందు ఆ అమ్మాయికి కుర్చీ వెయ్యి."